చూద్దాం అంటే

పోయిన వారం మనోహర్‌ని వంటింట్లో, చేతిలో ఫోన్‌తో, కొయ్యబారిపోయి ఉండగా వదిలేశాం. ఆ ఫోన్ చేసింది లక్ష్మీపతి. "సాయంత్రం నాలుగింటికి ఇంటికి రండి మనోహర్ గారూ. అమ్మాయిని కూడా తీసుకురండి" అని చెప్పి పెట్టేశాడు. ఇందులో కొయ్యబారిపోవడానికి ఏముందీ అంటారా? ఉంది. ఇరవై ఏళ్ళుగా "ఏవయ్యా" అనీ, "ఒరేయ్ తమ్ముడూ" అనీ తప్ప ఇంకోలా పిలవని మనిషి, ఆ రోజు 'గారు' తగిలించాడు. మనవాళ్ళలో దగ్గరివాడు హఠాత్తుగా 'గారూ' అన్నాడంటే చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరగమన్నట్టు.

పాత పాఠకులు కాస్త ఓపిక పట్టండి, కొత్తగా వచ్చినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. ఇది మిషిగన్‌లో నోవై ఊరు, 2012 జూన్ నెల. మనోహర్ కార్ల సీట్లు డిజైన్ చేసే ఇంజనీరు. మూడేళ్ళ క్రితం డెట్రాయిట్ కార్ల కంపెనీలు కుప్పకూలినప్పుడు ఉన్న ఉద్యోగం ఊడి, ఇప్పుడు ఆరేసి నెలల కాంట్రాక్టుల మీద బతుకు లాగిస్తున్నాడు. ఒక్కతే కూతురు ఇషా. చుట్టుపక్కల పిల్లలంతా స్పెల్లింగ్ పోటీలకీ కూచిపూడి క్లాసులకీ వెళ్తుంటే, ఈ పిల్ల పదకొండో ఏట గో-కార్ట్ అనే బుల్లి రేసు కారు ఎక్కింది. ఇరవై మూడేళ్ళొచ్చినా దిగలేదు. శనివారం శనివారం టొలీడో వెళ్ళే దారిలో ఉన్న అరమైలు ట్రాక్ మీద, పైకి మామూలు కార్లలాగే ఉండే స్టాక్ కార్ల రేసుల్లో పోటీ పడుతుంది. నలభై ఒకటో నెంబరు కారు. తండ్రీ కూతుళ్ళు రెండు చలికాలాలు గరాజ్‌లో చేతులు కొంకర్లు పోతుంటే కట్టుకున్న కారు.

తల్లి భానుమతి ఆ ట్రాక్ మొహం ఒక్కసారి కూడా చూడలేదు. "ఇది నా కడుపున పుట్టిందా, కార్బురేటర్‌లో పుట్టిందా" అని ఇంటికొచ్చిన వాళ్ళందరితో అంటుంది. పైగా కారు పన్లు చేసిన చేతుల్తో కంచం ముట్టుకోనివ్వదు. ఆవిడ ఉద్యోగం ఎక్కడో తెలుసు కదా? లక్ష్మీపతి కంపెనీ 'వసంత ఫుడ్స్' ఆఫీసులో, తొమ్మిదేళ్ళుగా. అమెరికా మొత్తమ్మీద మన దుకాణాల ఫ్రీజర్లలో కనిపించే వసంత పెసరట్లూ, వసంత పూర్ణాలూ వాళ్ళవే.

ఆ వసంత పేరే ఇషా కారు బానెట్ మీదా ఉంది. ఉంది అనకూడదు, ఉండేది అనాలి.

రేసు కారంటే పరిగెత్తే వాల్‌పోస్టర్. డ్రైవరు ఎంత గొప్పగా నడిపినా, వెంట ఒక పేరు తీసుకొస్తేనే పెద్ద టీములు సీటిస్తాయి. ఖాళీ బానెట్ ఉన్న కారుని ఎవరూ నమ్మరు. 'ఈ పిల్లకి ఒక కంపెనీ అండ ఉంది' అని నలుగురికీ కనపడాలి. ఇషా బానెట్ మీద వసంత పేరు పడ్డాకే షార్లెట్‌లోని ఓ పెద్ద టీము ఆమె వీడియోలు చూసింది. వచ్చే సీజన్‌కి సీటిస్తామంది. మీ స్పాన్సర్ నుంచి ఒక ఉత్తరం చాలు, వచ్చే ఏడు కూడా వెనక ఉంటామని సంతకం చేసి పంపమంది. ఆ ఉత్తరం భానుమతి చేతికిచ్చి ఆఫీసుకి పంపారు. పోయిన వారం సోమవారం ఆవిడ దాన్ని కవర్లో పెట్టి తెచ్చి, వంటింటి గట్టు మీద పడేసి, "అయింది. ఇంక నన్నేం అడక్కండి" అని స్టవ్ వెలిగించుకుంది. ఇషా కవర్ చించి, అక్కడికక్కడే స్కాన్ చేసి, ఈమెయిల్ పంపించేసింది. ఈ శుక్రవారం కాంట్రాక్టు.

మధ్యలో శనివారం వచ్చింది. ముప్పై ఎనిమిదో ల్యాప్‌లో ఆయిల్ పైపు తెగి కారు అంటుకుంది. ఇషా కిటికీలోంచి దూకి బతికిపోయింది, మణికట్టు వాచింది, అంతే. కారు మాత్రం దక్కలేదు. ఆ పైపు బిగించింది మనోహరే. ఆ సంగతి అతను ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు.

ఇదీ కథ. ఇక పదండి లక్ష్మీపతి ఇంటికి.

*

బయల్దేరేముందు మనోహర్ ఫ్రిజ్ మీది చీటీ తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పొద్దున ఆఫీసుకి వెళ్తూ భానుమతి అంటించిన చీటీ. 'నిమ్మకాయలు. దానిమ్మ. గుమ్మడికాయ చిన్నది.' మూడింట్లోనూ మ వత్తులే. భానుమతి మ వత్తుకి తోక పొడుగు. కుడివైపుకి లాగి, పక్కనున్న రెండక్షరాల కిందుగా పోనిచ్చి, చివర చిన్న మెలిక తిప్పుతుంది. నిశ్చితార్థానికీ పెళ్ళికీ మధ్య రాసుకున్న ఉత్తరాల్లో ఆ తోక చూసి, 'నీ మ వత్తు మీద బట్టలారేసుకోవచ్చు' అని ఎగతాళి చేసేవాడు. 'మా అమ్మ పలక మీద అలాగే దిద్దించింది, మీకేమిటి నష్టం' అని జవాబు రాసేది, ఆ 'అమ్మ'కి ఇంకో మూరెడు తోక తగిలించి. వచ్చేటప్పుడు నిమ్మకాయలు తేవాలి, మర్చిపోకూడదు అనుకుంటూ కారు తీశాడు.

పక్క సీట్లో ఇషా ఉత్సాహం పట్టలేకుండా ఉంది. కట్టు కట్టిన చేత్తోనే ఫోన్ నొక్కుతోంది.

"డాడ్, ఫోర్ హండ్రెడ్ థౌజండ్ దాటింది! యూట్యూబ్‌లో. ఫోర్ డేస్‌లో! అంకుల్ ఎంత యాడ్ కొన్నా ఇన్ని వ్యూస్ రావు, యు నో?"

"ఆయన గొంతు బాలేదురా" అన్నాడు మనోహర్.

"మేబీ ఆయనకి నా గురించి భయం వేసింది. ఫైర్ చూసి. నేను బాగున్నా చెప్తాను."

ఆ వీడియో మనోహరూ చూశాడు. ఎవరో ప్రేక్షకుడు గ్యాలరీలోంచి తీసింది. కారు పొగ కక్కుతూ ఆగుతుంది, ఇషా దూకుతుంది, ఆ తర్వాత మంటలు బానెట్ మీదికి పాకుతాయి. పెయింటు బుడగలు కట్టి, 'వ' పోయి, 'స' పోయి, సున్నా పోయి, 'త' ఒక్కటే కాసేపు మిగులుతుంది. వెనకనుంచి ఓ తాగుబోతు గొంతు, కింద ఇంగ్లీషులో రాసున్న పేరు చదివి, "వసాంథా ఈజ్ ఆన్ ఫైర్, బేబీ!" అని అరుస్తుంది, చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వుతారు. వీడియోకి పేరు కూడా అదే పెట్టారు. ఆ ముక్కొక్కటీ కత్తిరించి, పాటలు కలిపి, బొమ్మలు చేసి, ఊరూ పేరూ లేనివాళ్ళంతా పంచుకుంటున్నారు.

*

తలుపు తెరిచి లక్ష్మీపతి పక్కకి తప్పుకున్నాడు. లోపలికి రమ్మన్నాడు గానీ కాఫీ అనలేదు. మంచినీళ్ళు కూడా అనలేదు. గుంటూరు జిల్లా మనిషి, శత్రువుకైనా ముందు మజ్జిగిచ్చి తర్వాత తిట్టే రకం, అలాంటివాడు మంచినీళ్ళు అనకపోవడంతో మనోహర్‌కి నాలిక పిడచకట్టింది.

హాల్లో గోడకి వసంతలక్ష్మి ఫోటో, కింద చిన్న దీపం. ఆవిడ పోయి మూడేళ్ళు దాటింది. డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచి ఉంది, దాని పక్కన బోర్లా పెట్టిన కాగితం ఒకటి.

"కూర్చోండి" అన్నాడు లక్ష్మీపతి. "చెయ్యి ఎలా ఉందమ్మా?"

"బాగుంది అంకుల్. జస్ట్ స్ప్రెయిన్. అంకుల్, మీరు చూశారా? ఫోర్ హండ్రెడ్ థౌజండ్!"

"చూశాను. పన్నెండుసార్లు చూశాను. పదమూడోసారి మీతో కలిసి చూద్దామని పిలిచాను."

మీట నొక్కాడు. పొగ, మంట, ఆ అరుపు, ఆ నవ్వులు. మనోహర్ తెర వైపు చూడలేక లక్ష్మీపతి మొహం చూశాడు, ఆ మొహమూ చూడలేక టేబుల్ అంచు చూశాడు. వీడియో అయిపోయింది. తనంతట తనే మళ్ళీ మొదలవబోతుంటే లక్ష్మీపతి మూత మూసేశాడు.

"ఇప్పుడు చెప్పమ్మా. నా పేరు నీ కారు మీద ఎవరు వెయ్యమన్నారు?"

ఇషా నవ్వబోయి ఆగింది. తమాషాకి అడుగుతున్నాడేమో అనుకుంది పాపం.

"మీరే, అంకుల్."

"నేనా!"

"మార్చ్‌లో. నేను ఇక్కడికి వచ్చాను కదా. మీరు నాకు పూర్ణాలు పెట్టారు. నేను అడిగాను, ఈ సీజన్‌కి మనీ వద్దు, జస్ట్ మీ నేమ్ కారు మీద వేస్తాను అని. తెలుగులో అడిగాను! త్రీ డేస్ ప్రాక్టీస్ చేశాను."

"అడిగావు. కాదనలేదు. నేనేమన్నాను?"

"మీరు ఓకే చెప్పారు."

"ఓకే అనలేదు. నేను ఏ మాట అన్నానో ఆ మాట చెప్పు. అచ్చంగా ఆ మాటే చెప్పు."

ఇషా తండ్రి వైపు ఓసారి చూసింది. పరీక్షలో తెలిసిన ప్రశ్నే వచ్చిన పిల్లలా ధైర్యంగా చెప్పింది.

"మీరు 'చూద్దాంలే అమ్మా' చెప్పారు."

అయిపోయింది. అయ్యో తల్లీ అనుకున్నాడు మనోహర్.

మీకు వేరే చెప్పాలా? చందా అడిగితే చూద్దాం, సంబంధం నచ్చకపోతే చూద్దాం, అప్పు అడిగితే, ఉద్యోగం వేయించమంటే, ఊరి బడికి గది కట్టించమంటే చూద్దాం. మొహం మీద లేదు అనడం మనకి చేతకాదు. ఎదుటివాడి మనసు కష్టపెట్టకుండా, మన మర్యాద పోకుండా, వీధి తలుపు నెమ్మదిగా దగ్గరికి వేసే మాట అది. దానికి 'లే' కూడా చేరిందా, గడియ పెట్టేసినట్టే. తెలుగు గడ్డ మీద పుట్టిన పసిపిల్లాడికి కూడా ఈ సంగతి తెలుసు. నోవైలో పుట్టిన పిల్లకి ఎవరు చెప్పాలి?

"చూద్దాం అంటే ఏమిటమ్మా నీ లెక్కన?" లక్ష్మీపతి అడిగాడు.

"లెట్స్ సీ ఇట్. లెట్స్ డూ ఇట్. అంటే... యెస్ కదా?" ఇషా గొంతు తగ్గింది. "మా ఇంట్లో అది యెస్. డాడ్, చెప్పండి. సైకిల్ కావాలి అంటే చూద్దాం అన్నారు, కొన్నారు. కార్టింగ్ అంటే చూద్దాం అన్నారు, తీసుకెళ్ళారు. ఇంజన్ అడిగితే చూద్దాం అన్నారు. మీరు చూద్దాం అన్న ప్రతిసారి జరిగింది."

నిజమే. ఒక్కసారి కూడా తప్పలేదు. పిల్ల అడిగిన ప్రతిదానికీ భానుమతి ఎదురుగా గుంభనంగా "చూద్దాంలే" అనడం, వారం తిరక్కుండా తెచ్చివ్వడం, అదే ఇరవై మూడేళ్ళుగా మనోహర్ చేసిన పెంపకం. లేదు అని చెప్పడం చేతకాని తండ్రి దగ్గర ఆ పిల్ల తెలుగు నేర్చుకుంది. ఇంకో ఇంట్లో ఆ మాటకి ఇంకో అర్థం ఉంటుందని ఆమెకెలా తెలుస్తుంది? 'అంకుల్ యెస్ అన్నారు' అని మార్చిలో గంతులేస్తూ ఇంటికొచ్చినప్పుడు, 'ఏ మాట అన్నాడే?' అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే ఇదంతా ఉండేది కాదు. వెయ్యలేదు. పైగా 'ఇంగ్లీషులో అడక్కు, తెలుగులో అడుగు, కరిగిపోతాడు' అని సలహా ఇచ్చి పంపిన మహానుభావుడు కూడా తనే.

"అన్నయ్యా, తప్పు నాది" అన్నాడు మనోహర్. "దానికి తెలీదు. నువ్వు ఒప్పుకున్నావనే అనుకున్నాం. నువ్వేమో ఆ నెలాఖరునే ఇండియా వెళ్ళిపోయావు, రెండు వారాల క్రితం గదా వచ్చావు. లేకపోతే అప్పుడే తెలిసిపోయేది."

"ప్యాకెట్ మీద అక్షరాలు ఎక్కడివో మీకు తెలుసు" అన్నాడు లక్ష్మీపతి.

మనోహర్ తల దించుకున్నాడు.

"అమ్మాయికి తెలీదు. చెప్తాను విను తల్లీ. కంపెనీ పెట్టిన కొత్తలో ప్యాకెట్ మీద పేరు రాయడానికి ఎవరికో ఇద్దామంటే, డబ్బు దండగ, నేను రాస్తానుండండి అని మీ ఆంటీ కూరల సంచీ మీద మార్కర్‌తో రాసింది. వ-సం-త. ఆ 'త' కొంచెం వంకర. మార్పిద్దామంటే వద్దంది. ఇప్పటికీ ప్రతి ప్యాకెట్ మీదా ఆ చేతిరాతే. ఆవిడ ఈ లోకంలో మిగిల్చిపోయిన రాత ఆ మూడక్షరాలే. నువ్వు వాటిని స్కాన్ చేసి, పెద్దవి చేసి, బానెట్ మీద అంటించావు."

"బ్యూటిఫుల్‌గా ఉందని అంకుల్..." ఇషా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆంటీ రాశారని నాకు తెలీదు. ఐ స్వేర్."

"ఇక్కడ చితి ఉండదమ్మా. బటన్ ఉంటుంది. జనవరి నెల, బయట నడుం లోతు మంచు. బటన్ నొక్కండి సార్ అన్నాడు ఆ తెల్ల కుర్రాడు. నా చెయ్యి లేవలేదు. మీ నాన్న నా చేతి మీద చెయ్యి వేసి నొక్కించాడు. అడుగు, మర్చిపోయాడేమో."

మర్చిపోవడం ఎలా? ఆ వేలి చల్లదనం మనోహర్‌కి ఇప్పటికీ గుర్తే. ఆ తర్వాత నెల్లాళ్ళు లక్ష్మీపతిని ఒంటరిగా వదలకుండా, ఈ హాల్లోనే సోఫాలో పడుకున్నాడు.

"అప్పుడు మంట నేను చూడలేదు. కిటికీ ఉంది, చూస్తారా అన్నారు. వద్దన్నాను. ఆ ఒక్కటీ చూడకుండా తప్పించుకున్నాననుకున్నాను మనోహర్ గారూ. ఇప్పుడు దాని పేరు కాలుతుంటే నాలుగు లక్షల మంది చూశారు. చూసి నవ్వారు. షార్లెట్‌లో ఎవడో, టెక్సస్‌లో ఎవడో, దాని పేరు పెట్టి బూతు జోకులు రాశాడు. మా రేణు చికాగో నుంచి ఫోన్ చేసి, నాన్నా, అమ్మని ఏం చేశారు నాన్నా అని ఏడ్చింది. ఏం చెప్పను?"

ఇషా కుర్చీలోంచి లేచి ఆయన దగ్గరికి వెళ్ళబోయింది. ఎలా వెళ్ళాలో, వెళ్ళి ఏం చెయ్యాలో తెలియక మధ్యలో నిలబడిపోయింది.

"అది తీయించెయ్యండి" అన్నాడు లక్ష్మీపతి. "నేనడిగేది అదొక్కటే."

"తీయలేం అంకుల్." ఆ మాట అనడానికి ఆ పిల్ల పెదాలు కొరుక్కుంది. "అది మాది కాదు. ఎవరో పోస్ట్ చేశారు. ఆయనకి మెసేజ్ పెడితే తీసినా, ఆల్రెడీ కాపీస్ ఉన్నాయి. హండ్రెడ్స్. ఇంటర్నెట్‌లోంచి తీయడం అవ్వదు. అయామ్ సో సారీ."

ఇంట్లో దుమ్ము పడితే తుడుస్తాం, గోడ మీద మరకైతే సున్నం కొడతాం. దీన్నేం చెయ్యాలి? వచ్చే ఏడు చూసినా, పదేళ్ళ తర్వాత మనవరాలు చూసినా, ఆ 'త' అలాగే వంకరగా కాలుతూ ఉంటుంది. ముగ్గురికీ ఆ సంగతి ఒకేసారి అర్థమైంది.

సిగ్గు విడిచి మనోహరే నోరు తెరిచాడు. కూతురి కోసం కాకపోతే ఆ క్షణాన ఆ మాట ఏ మనిషీ అడగలేడు.

"అన్నయ్యా, నన్ను నాలుగు తిట్టు, చెప్పు తీసుకుని కొట్టు, పడతాను. కానీ ఆ షార్లెట్ వాళ్ళకి మాత్రం ఏమీ చెప్పకు. శుక్రవారం దాని కాంట్రాక్టు. కారెలాగూ పోయింది, దానికి ఇంక మిగిలింది ఆ సీటొక్కటే. నీ పేరు ఎక్కడా వాడం. కొత్త స్పాన్సర్ దొరికేదాకా, ఒక్క రెండు నెలలు..."

"చెప్పేశాను."

"ఏమని?"

"పొద్దున వాళ్ళ మేనేజరు ఫోన్ చేశాడు. థాంక్స్ సార్, మీలాంటి స్పాన్సర్ ఉండటం ఆ అమ్మాయి అదృష్టం అన్నాడు. నాకు తలా తోకా తెలియలేదు. మా కంపెనీకీ మీ కార్లకీ సంబంధం లేదు, మేమెవరికీ ఏమీ ఇవ్వలేదు అన్నాను. సరే సార్, అయితే ఆ అమ్మాయితో మాకూ పని లేదు అన్నాడు. మర్యాదగానే అన్నాడు."

ఇషా కింద కూర్చుండిపోయింది. కుర్చీ పక్కనే ఉంది, అయినా నేల మీదే కూర్చుంది. పదకొండో ఏట నుంచీ ఇంకేదీ కోరని పిల్ల. కాలేజీ పార్టీలు మానుకుంది, స్నేహితుల పెళ్ళిళ్ళు మానుకుంది, శనివారం సెలవంటే ఏమిటో ఎరగకుండా పెరిగింది. ఏడవలేదు. గట్టిగా ఏడిచినా మనోహర్‌కి కాస్త నయంగా ఉండేది.

"పద నాన్నా, ఇంటికెళ్దాం" అంటూ మనోహర్ లేచాడు. పోయిందేదో పోయింది, ఇంతకంటే పోవడానికి ఏమీ లేదనుకున్నాడు. పిచ్చివాడు.

"ఉండండి" అన్నాడు లక్ష్మీపతి. "అసలు పిలిచిన పని ఇంకా కాలేదు."

బోర్లా పెట్టిన కాగితం వెల్లకిలా తిప్పి, టేబుల్ మీద వాళ్ళ వైపు జరిపాడు.

"ఏమీ ఇవ్వలేదు అంటే వాడు ఊరుకోలేదు. మీరు సంతకం పెట్టిన ఉత్తరం మా దగ్గరుంది సార్, పంపిస్తాను చూసుకోండి అన్నాడు. పంపించాడు. బానెట్ సంగతి మాట తెలియక జరిగింది, ఒప్పుకుంటాను. చిన్నపిల్ల, క్షమిస్తాను. ఇది మాట తెలియక జరిగిందా?"

వసంత ఫుడ్స్ లెటర్‌హెడ్. వచ్చే సీజన్ అంతా ఇషా వెనక ఉంటామని నాలుగు లైన్లు. కింద సంతకం. లక్ష్మీపతి అమెరికా వచ్చి ముప్పై ఏళ్ళైనా తెలుగులోనే సంతకం చేస్తాడు, చెక్కైనా, పాస్‌పోర్టైనా. బ్యాంకువాళ్ళు మొదట్లో గునిశారు, తర్వాత అలవాటుపడ్డారు. ఆ కాగితం మీదా తెలుగులోనే ఉంది. 'లక్ష్మీపతి' అని.

ఆ ఉత్తరం వెళ్ళి తొమ్మిది రోజులైంది. మనోహర్ దాన్ని చూడటం ఇదే మొదటిసారి.

ల. క్ష. దాని కింద మ వత్తు. ఆ వత్తు తోక కుడివైపుకి సాగి, 'ప' కిందుగా, 'తి' కిందుగా పోయి, చివర చిన్న మెలిక తిరిగింది.

మనోహర్‌కి జేబులో చీటీ బరువు తెలిసింది. నిమ్మకాయలు, దానిమ్మ, గుమ్మడికాయ. ట్రాక్ మొహం చూడని మనిషి. కార్బురేటర్ అని వెక్కిరించే మనిషి. కారు పన్లు చేసిన చేత్తో కంచం ముట్టుకోనివ్వని మనిషి. ఆ మనిషి ఉత్తరం తీసుకెళ్ళి ఆయన టేబుల్ మీద పెట్టబోయిందో లేదో, అడగబోయి ఆగిపోయిందో, ఏ ధైర్యంతో, ఏ క్షణాన కలం తీసిందో! "అయింది, ఇంక నన్నేం అడక్కండి" అని స్టవ్ వైపు ఎందుకు తిరిగిందో ఇప్పుడర్థమైంది. ఒసే భానూ, ఎంత పని చేశావే అనుకున్నాడు. ఆ పిల్ల అంటే నీకింత ఉందని ఒక్కసారైనా చెప్పావా, నాకైనా చెప్పావా?

"రేపు పొద్దున లాయరుకి ఇస్తున్నాను" అంటున్నాడు లక్ష్మీపతి. "కంపెనీ పేరు మీద దొంగ సంతకం. ఈ దేశంలో దానికి జైలని మీకూ తెలుసు. ఎవరు పెట్టారో వాళ్ళ పేరు తెలిస్తే కేసు వాళ్ళ మీద, తెలియకపోతే మీ ఇంటిల్లిపాది మీదా. స్నేహం అడ్డం పెట్టకండి. మా వసంత పేరు తగలబెట్టిన రోజే స్నేహం పోయింది."

"బట్ అంకుల్, అది దొంగది కాదు!" నేల మీంచి ఇషా తలెత్తింది. "మీరే సైన్ చేశారు. అది అమ్మ ఆఫీస్‌కి..."

"ఇషా!"

ఇరవై మూడేళ్ళలో మనోహర్ ఆ పిల్ల మీద గొంతు పెంచడం అదే మొదలు. ఇషా ఉలిక్కిపడి నోరు మూసుకుంది.

"నువ్వెళ్ళి కార్లో కూర్చో."

"డాడ్, కానీ అమ్మ..."

"కూర్చోమన్నానా! ఒక్క ముక్క మాట్లాడకు. వెళ్ళు."

ఇషా వెళ్ళలేదు. లేచి గోడ దగ్గర, వసంతలక్ష్మి ఫోటో కింద నిలబడింది. తండ్రి మొహంలోకి చూస్తోంది. నెమ్మదిగా, ఆ పిల్లకి కూడా ఏదో అర్థమవుతోంది.

మనోహర్ లక్ష్మీపతి వైపు తిరిగాడు. మాట తడబడకుండానే వచ్చింది.

"ఆ సంతకం నేను పెట్టాను అన్నయ్యా. భానుమతికి తెలీదు. అమ్మాయికీ తెలీదు. ఎవరికీ తెలీదు. నేనే."

లక్ష్మీపతి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. కాగితం దగ్గరికి తీసుకుని చాలాసేపు చూశాడు. తొమ్మిదేళ్ళుగా భానుమతి తన టేబుల్ మీద పెట్టి వెళ్ళిన చీటీలు ఆయనా చదువుతూనే ఉన్నాడు. 'చికాగో నుంచి అమ్మాయి ఫోన్', 'డిసెంబర్ ఆర్డర్లు మళ్ళీ అడగమన్నారు', అన్నీ ఆ చేతివే. ఏమనుకున్నాడో మొహం చూసి చెప్పడం మనోహర్ వల్ల కాలేదు.

ఆయన కాగితం పక్కన పెట్టాడు. ప్రింటర్‌లోంచి ఓ తెల్లకాగితం లాగి టేబుల్ మీద పరిచాడు. చొక్కా జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి, దాని మీద అడ్డంగా పెట్టాడు.

"సరే. ఇదిగోండి మనోహర్ గారూ. నా కళ్ళెదుట ఇంకోసారి పెట్టండి" అన్నాడు. "చూద్దాం."